రిపోర్టు ఎవరి నంబరుకి?

ఆ ఇంట్లో ఎవరి ఒంట్లోంచి రక్తం తీసినా రిపోర్టు మాత్రం బ్రహ్మయ్యగారి ఫోనుకే వెళ్తుంది. గ్యాసు బండ ఆయన నంబరు మీద, కరెంటు బిల్లు ఆయన నంబరు మీద, మనవడు బడికి రాలేదన్న మెసేజీ ఆయన నంబరుకి, చివరికి కోడలు నీలిమ ఫోనులో నైటీ కొనుక్కుంటే అది తెచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి పిలిచేది కూడా ఆయన్నే. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో నరసరావుపేట ప్రకాష్ నగర్‌లో ఆ వీధికంతటికీ మొదట కొన్న ఫోను ఆయనది. నంబరు చివర మూడు ఏడులు వరసగా వచ్చాయి. అందుకని అది ఆయన నంబరు కాదు, ఇంటి నంబరు. ఇంటిపేరు ఎంతో అదీ అంతే. పెళ్ళయిన కొత్తలో నీలిమకి ముందు ఇంటిపేరు మారింది, తర్వాత నంబరు మారింది. ఆమె ఫోను ఆమె దగ్గరే ఉంది, దానికీ ఒక నంబరు ఉంది, కానీ ఏ కౌంటర్లో ఎవరు అడిగినా ఆమె నోరు తెరిచేలోపు మొగుడు హర్ష ఎక్కం అప్పజెప్పినట్టు తండ్రి నంబరు అప్పజెప్పేస్తాడు. చిన్నప్పుడు తప్పిపోతే చెప్పడానికి నేర్పించారట. ముప్పై అయిదేళ్ళు వచ్చినా ఇంకా తప్పిపోయినట్టే చెబుతాడు.

అందుకే ఆమె ఇప్పుడు, నాలుగో నెల పొట్ట మీద హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, మల్లమ్మ సెంటర్ పక్క సందులో ఉన్న ఈ ల్యాబులో, ఒక కాలు కురచైన ప్లాస్టిక్ కుర్చీలో, ఊగకుండా ఊగుతూ కూర్చుంది. రెండో పరీక్ష రిపోర్టు గుంటూరు నుంచి ఇక్కడి కంప్యూటర్లోకి వస్తుంది. రాగానే కాగితం తీసి తన చేతిలో పెట్టమని కౌంటర్లో ఉన్న షాహిస్తాకి చెప్పింది. "పది నిమిషాలు మేడమ్" అంది షాహిస్తా తల ఎత్తకుండా. ఆ పది నిమిషాలు ఇప్పటికి చాలాసార్లు అయిపోయాయి. నంబరు మార్చమని రక్తం ఇచ్చిన రోజే అడిగి చూసింది. "మార్చొచ్చు మేడమ్, కాకపోతే పాత నంబరుకి ఓటీపీ వెళ్తది, అది కనుక్కోని చెప్పండి" అంది ఆ పిల్ల. అంటే కోడలి రక్తం సంగతి మామగారికి తెలియకుండా ఉండాలంటే మామగారి దగ్గరికే వెళ్ళి, మామయ్యగారూ, మీకు తెలియకుండా ఉండటానికి ఒక అంకె వచ్చింది, కాస్త చెప్పండి, అని అడగాలి. నీలిమ అడగలేదు. మనిషే వచ్చి కూర్చుంటే కాగితం ముందు తన కంట పడుతుందని వచ్చి కూర్చుంది.

మొదటి రిపోర్టు పడకూడని కళ్ళన్నిటిలోనూ పడింది కదా. పోయిన వారం, చెకప్‌లో రాసిన మామూలు పరీక్షలే, షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, వాటి మధ్యలో వీడీఆర్ఎల్ అని ఒకటి, దాని ఎదురుగా ఎర్ర అక్షరాల్లో రియాక్టివ్. బ్రహ్మయ్యగారు కళ్ళజోడు పెట్టుకోకుండా, రోజూ పొద్దున్నే గులాబీ పూల శుభోదయాన్ని పంపినట్టే దాన్నీ 'మన కుటుంబం' గ్రూపులోకి పంపేశారు. ఆ గ్రూపులో ఈపూరు వాళ్ళున్నారు, మాచర్ల వాళ్ళున్నారు, హైదరాబాదులో ఉండి ఎవరి పెళ్ళికీ రాని వాళ్ళున్నారు. దండాలు వచ్చాయి. ఒక పిన్ని కంగ్రాట్స్ అమ్మాయ్ అని పెట్టింది. రియాక్టివ్ అంటే చురుగ్గా ఉన్నట్టేగా, మంచిదే, అని ఒక పెదనాన్న అభిప్రాయం. శావల్యాపురంలో మందుల షాపు నడిపే గోపాలరావు బాబాయి, ఒంటికి సంబంధించిన ప్రతి విషయంలోనూ ఈ కుటుంబానికి హైకోర్టు లాంటివాడు, అది రక్తంలో వేడి, సబ్జా గింజలు తాగితే తగ్గుద్ది, అని తీర్పు పెట్టాడు. సాయంత్రానికి ఆ తీర్పు డిలీట్ అయింది. గ్రూపులో బాబాయి మెసేజీ డిలీట్ అయిందంటే అందరూ వెతికి చూసేసుకున్నారని అర్థం. ఆ తర్వాత ఎవరూ ఏమీ పెట్టలేదు. మర్నాడు గులాబీ పువ్వు కూడా రాలేదు.

ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి ఎవరికి ఇస్తోందో తెలియడం లేదు. గోడ మీద టీవీలో ఎవరో సాధువు కీళ్ళ నొప్పులకి చిట్కా చెబుతున్నాడు. స్పిరిటు వాసనకి కడుపులో తిప్పుతుంటే నీలిమ బ్యాగులోంచి పులి బొమ్మ ఉన్న చిన్న గాజు బామ్ డబ్బా తీసి మూత కొద్దిగా తెరిచి వాసన చూసుకుని మళ్ళీ లోపల పెట్టింది. హర్ష బ్యాంకాకు నుంచి తెచ్చింది. తెచ్చినవాటిలో పనికొచ్చింది అదొక్కటే. అత్తగారు రామలక్ష్మమ్మకి అదీ నచ్చలేదు, కళ్ళు మండుతున్నాయంది. అత్తగారిది మరో సిద్ధాంతం, అంతా బాత్రూముల వల్లే. "ఆ బళ్ళో బాత్రూముకి పోమాకని చెప్తానే ఉన్నా. ఎవురెవురు పోతారో ఏందో" అంది, డెట్టాలు సీసా తెచ్చి కోడలి టిఫిన్ బాక్సు పక్కన పెట్టి. నీలిమ బళ్ళో పదో తరగతికి బయాలజీ చెబుతుంది. బాత్రూముల వల్ల రాదండీ అత్తయ్యా అని చెప్పడానికి నోటి దాకా వచ్చింది, మరి దేనివల్ల వస్తదే అని అడిగితే ఏం చెప్పాలో తెలియక డెట్టాలు పట్టుకుని బడికి వెళ్ళిపోయింది. అయినా ఆ పాఠం తను మాత్రం ఎప్పుడు చెప్పింది కనక. పునరుత్పత్తి పాఠం రాగానే, ఇది ఇంట్లో చదువుకోండర్రా, దీంట్లోంచి పెద్దగా రాదు, అని పేజీలు తిప్పేస్తుంది. తనకి పాఠం చెప్పిన టీచరూ అలాగే తిప్పేసింది. ఆమెకి చెప్పినవాళ్ళూ తిప్పేసి ఉంటారు. పల్నాడులో ఆ పేజీలు ఎవరూ తెరవకుండా కొత్తగా నిగనిగలాడుతుంటాయి. చిన్నప్పుడు రైల్లో పోతుంటే గోడల మీద కనిపించేది, సుఖవ్యాధులు గ్యారంటీగా నయం చేయబడును అని, పసుపు మీద నల్ల అక్షరాలు. అమ్మని అడిగితే అది చదవకూడదు, అటు కిటికీలోంచి చూడు అంది. ఆ పేరు పెట్టినవాడు మగవాడే అయ్యుంటాడని ఇప్పుడనిపిస్తోంది. తనకి ఇంతవరకూ ఇందులో వచ్చింది వాంతులూ, డెట్టాలూ.

"చూడమ్మా" అంది డాక్టర్ శాంతి, ఆ మొదటి రిపోర్టు చూపించిన రోజు, తలుపు వేసి. తలుపు వేసినందుకే ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. "ఈ మొదటి పరీక్ష జల్లెడ లాంటిది. సిఫిలిస్ ఉన్నవాళ్ళు తప్పించుకోకూడదని కన్నాలు బాగా సన్నగా పెట్టారు. దాంతో ఒక్కోసారి లేనివాళ్ళు కూడా జల్లెట్లో ఆగిపోతారు. కడుపుతో ఉన్నప్పుడు, ఏదన్నా జ్వరం వచ్చి తగ్గినప్పుడు ఇట్లా కొంచెంగా చూపిస్తది. నీది కొంచెమే. రెండో పరీక్ష టీపీహెచ్ఏ అని ఉంటది, అది ఆ క్రిమి సంగతే అడుగుతుంది, వేరే గొడవ పెట్టుకోదు. అది చేయిద్దాం." అందులో లేదని వస్తే లేనట్టేనా అని నీలిమ అడిగింది. డాక్టరు పెన్ను మూత పెట్టింది, తీసింది. "చాలావరకు లేనట్టే. కానీ ఈ మధ్యే అంటుకుని ఉంటే రక్తంలో కనపడటానికి కొన్ని వారాలు పట్టుద్ది. మూడు నెలల దాకా ఆగి మళ్ళీ చూడాల. ఈ మధ్య నీకు అట్లాంటి అవకాశం ఉందా లేదా అన్నది నువ్వు చెప్పలేవు. మీ ఆయన చెప్పాల. ఆయన నిజం చెప్తే ఈ కాగితాన్ని ఎంత నమ్మాలో నేను చెప్తా." ఉంటే బిడ్డకి, అంది నీలిమ, ఆ మాట తన గొంతులోంచి రాలేదు, ఎవరో పక్కనుంచి అన్నట్టు వినపడింది. "ఉన్నా మందుంది. పెన్సిలిన్ ఇంజక్షను. టైముకి ఇస్తే బిడ్డకి ఏం కాదు. తెలియకుండా వదిలేస్తేనే బిడ్డకి ముప్పు. మీ ఆయన్ని కూడా పరీక్ష చేయించుకోమను." తొమ్మిదేళ్ళ కాపురంలో మొగుడు చెప్పే నిజం మీద ఆధారపడాల్సిన అవసరం ఇంత ఘోరంగా ఎప్పుడూ రాలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటేనే బాగుంది అంటాడు, పళ్ళెం సగంలో వదిలేసి.

బయట మెట్ల పక్కన బండి మీద కూర్చుని హర్ష ఫోనులో మాట్లాడుతున్నాడు. అద్దం తలుపు సగం తెరిచి ఉంది కాబట్టి మాటలు లోపలికి వస్తున్నాయి. పురుగు మందుల షాపు వాడు, పేషెంట్లు ఫోనులోనే ఉంటారు. "ఒరేయ్, చేలో ఏం పురుగుందో చూడకుండా మందు చెప్పమంటే ఎట్టా చెప్తాను. ఆకు పట్రా. ఆకు చూసి చెప్తా. పక్క చేనోడు కొట్టాడని నువ్వు కొట్టేస్తావా." కాసేపు విన్నాడు. "ఒకసారి కొట్టి ఆకు మీద కనపళ్ళేదని పోయిందనుకుంటే ఎట్టా. గుడ్లుంటయ్. కంటికి ఆనవు. పది రోజులు ఆగి మళ్ళీ చూడాల. అప్పుడు చెప్పు పోయిందో లేదో." నీలిమ ఆ మాటలు వింటూ, డాక్టర్ శాంతి మిరప చేల గురించి చెబుతోందా, హర్ష తన గురించి చెబుతున్నాడా అని కాసేపు తేల్చుకోలేకపోయింది. ఈ మనిషికి ఎవరి చేలో ఏం దాగుందో తెలుసు. నల్లి తెలుసు, తామర పురుగు తెలుసు, కనపడకపోవడం వేరు లేకపోవడం వేరని రైతులకి బల్ల గుద్ది చెప్పడం తెలుసు. ఇంటికొచ్చేసరికి ఆ తెలివి చెప్పులతో పాటు వాకిట్లో వదిలేస్తాడు.

"ఏం టెస్టమ్మాయ్?" అంది పక్క కుర్చీలో పెద్దావిడ. తిన్న తర్వాత తీసే షుగరు పరీక్షకి కూర్చుంది, అమీనా బీ అట, బస్టాండు దగ్గర వాళ్ళబ్బాయి తన్వీర్‌కి మెకానిక్ షెడ్డు ఉండేదట, ఇప్పుడు బెంగళూరులో చేస్తున్నాడట. ఇదంతా అడక్కుండానే చెప్పింది. థైరాయిడండీ, అంది నీలిమ. ఈ ల్యాబులో షుగరు కానివాళ్ళందరికీ థైరాయిడే. ఇందాక ఒక లుంగీ ఆయన కూడా థైరాయిడ్ అనే చెప్పి మూత్రం డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళాడు. మర్యాదస్తుల రోగం అది, ఎవరూ ఎలా వచ్చిందని అడగరు. "మా కోడలు పిల్లకి గూడా థైరాయిడే" అంది అమీనా బీ, చెంగుతో మొహం తుడుచుకుంటూ, నీలిమ వైపు చూడకుండా. "తన్వీరు పండక్కొచ్చి పోయినాక వచ్చింది. కాన్పుల డాక్టరమ్మ వాణ్ణి మళ్ళీ పిలిపించి ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇద్దరికీ ఇంజక్షన్లు పొడిచింది. ఒకళ్ళకే వేస్తే ఆ థైరాయిడ్ పోదంట. మావోడు నాకెందుకు అని పారిపోబోతే నేనే చొక్కా పట్టుకోని ఈడ్చుకొచ్చా. ఆడపిల్ల ఒక్కతీ ఎందుకు పొడిపించుకోవాల." థైరాయిడ్‌కి మొగుడికి ఇంజక్షను వెయ్యడం నీలిమ ఏ పాఠంలోనూ చదవలేదు. తల తిప్పి చూసింది. ఆవిడ టీవీలో సాధువుని చూస్తోంది, ఏమీ అననట్టు. "ఇప్పుడెట్టా ఉంది మీ కోడలికి" అని అడిగింది నీలిమ. "బాగుంది. మొగపిల్లోడు. గుండ్రాయిలా ఉంటాడు." అప్పుడే షాహిస్తా అమీనా బీ పేరు పిలిచింది, ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి సూది వైపు వెళ్ళిపోయింది. గుండ్రాయిలా ఉంటాడు అన్న మాట మాత్రం పక్క కుర్చీలో కాసేపు కూర్చుంది.

ఆ బ్యాంకాకు. పురుగు మందుల కంపెనీ వాళ్ళు బాగా అమ్మిన డీలర్లని ఏడాదికోసారి విమానం ఎక్కిస్తారు. ఈ ఏడాది పల్నాడులో మిరపకి నల్లి బాగా పడింది, అందుకని హర్ష బ్యాంకాకు వెళ్ళాడు. నీలిమకి అప్పటికి మూడో నెల, వాంతులు. పర్లేదా వెళ్ళనా అని అడిగాడు, సూట్‌కేసు సర్దేశాక. అక్కడినుంచి ఫోటోలే ఫోటోలు. విమానంలో ఇచ్చిన ఉప్పు పొట్లం ఫోటో, హోటల్లో దుప్పటిని ఏనుగులా మడిచారని ఫోటో, దీవిలో ఇరవై మంది డీలర్లు ఒకే రకం టోపీలు పెట్టుకుని నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడిన ఫోటో, అక్కడ కూడా పెసరట్టు దొరికిందని పెసరట్టు ఫోటో. ఒక్క సాయంత్రం మాత్రం ఏమీ లేదు. ఇడ్లీ ముక్క వదలకుండా ఫోటో తీసే మనుషులు ఆ సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున టిఫిన్ దాకా ఒక్క ఫోటో తియ్యలేదు. వచ్చాక అడిగింది. "అందరూ ఏదో షోకి పోయారు. నాకు తలనొప్పిగా ఉందని రూములోనే పడుకున్నా" అన్నాడు. నమ్మింది. తలనొప్పి మనిషే. తర్వాత కోటప్పకొండ కింద ఒక డీలరు కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తే భోజనాలకి వెళ్ళారు, అక్కడ డీలర్ల భార్యలందరూ ఒక వరసలో కూర్చున్నారు. వినుకొండ ఆవిడ చెప్పింది, మా ఆయనకి పాపం ఆ రోజు తలనొప్పి, రూములోనే పడుకున్నాడంట. గురజాల ఆవిడ ఆశ్చర్యపోయింది, మా ఆయనకీ అంతే. పిడుగురాళ్ళ ఆవిడా అదే చెప్పింది. అంతా పప్పన్నం కలుపుకుంటూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ రాత్రి షో బస్సు ఖాళీగా వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చి ఉండాలి. ఇరవై మంది మొగాళ్ళు ఇరవై తలనొప్పులతో పడుకుని ఉండాలి, అందుకే వచ్చేటప్పుడు అందరూ ఆ పులి బొమ్మ డబ్బాలు డజన్లు డజన్లు తెచ్చారు కాబోలు. పెరుగు వడ్డించేవాళ్ళు వచ్చారు.

వచ్చిన వారమంతా హర్ష ఎప్పుడూ లేనంత ప్రేమగా ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పుడు వీపు మీద చెమట పడుతోంది. ఆ రోజు అది ప్రేమ అనే అనుకుంది. అప్పటినుంచి ఇప్పటికి నెలన్నర. మూడు నెలలు ఎప్పుడవుతాయో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేసింది, లోపల ఉన్నది కదిలినట్టయింది, కదిలే నెల కాదు, గ్యాస్ అయ్యుంటుంది, అయినా చెయ్యి పొట్ట మీదకే వెళ్ళింది. రిపోర్టు వచ్చిన రాత్రి హర్ష గోడవైపు తిరిగి పడుకుని, "నీకెట్టా వచ్చింది నీలూ ఇది" అని అడిగాడు. కోపంగా కాదు, జాలిగా. పరాయి మనిషికి జరిగిన నష్టం గురించి అడిగినట్టు. తనేమో బడి, ఇల్లు, ఆదివారం కూరగాయలు, మధ్యలో బాత్రూము. ఇంకేముంది తన జీవితంలో రోగం రావడానికి. లేచి నీళ్ళు తాగింది. జవాబు చెప్పి ఉంటే ఇల్లంతా లేచేది. తొలి కాన్పుకి ఇదే పరీక్ష చేశారు, అప్పుడు ఏమీ లేదు, అప్పుడు బ్యాంకాకు కూడా లేదు, అని అనాల్సింది. ఇలాంటి మాటలు ఎప్పుడూ ల్యాబుల్లోనే తడతాయి.

డాక్టరు మిమ్మల్నీ చేయించుకోమంది అంటే మాత్రం హర్ష వెంటనే ఒప్పుకున్నాడు. అదే ఆమెకి అంతు పట్టడం లేదు. మర్నాడే ఖాళీ కడుపుతో గుంటూరు వెళ్ళి ఫుల్ బాడీ చెకప్ చేయించుకుని వచ్చాడు. ఆఫర్లో ఉందట. డెబ్భై పైచిలుకు పరీక్షలు. రంగు రంగుల పుస్తకం ఇచ్చారు, అట్ట మీద పరిగెత్తే మనిషి బొమ్మ. ఇంట్లో అందరినీ పిలిచి టీపాయ్ మీద పరిచాడు. బ్రహ్మయ్యగారు దాన్నీ గ్రూపులో పెట్టారు, ఈసారి కళ్ళజోడు పెట్టుకునే పెట్టారు. డెబ్భై టెస్టుల్లో బయటపడనిది ఇంకేముంటది, అబ్బాయికి ఏమీ లేదు, అని గోపాలరావు బాబాయి రాశాడు, ఈ తీర్పు ఇంకా డిలీట్ కాలేదు. అబ్బాయికి లేదంటే ఇక ఎవరికి ఉన్నట్టో బాబాయి రాయలేదు. విటమిన్ డీ తక్కువ ఉందని వచ్చింది. దాన్ని హర్ష పతకంలా తీసుకుని రోజూ పొద్దున్నే బనీను తీసేసి మేడ మీద ఎండలో కూర్చుంటున్నాడు. అత్తగారు పైకి కాఫీ పంపిస్తోంది. ఇప్పుడు ఆ పుస్తకం నీలిమ బ్యాగులో ఉంది. తీసి మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివింది. లివరు, కిడ్నీలు, యూరిక్ ఆమ్లం, ఇనుము, కాల్షియం, మూడు రకాల కొవ్వు, ఆరు రకాల థైరాయిడ్ అంకెలు. పాదరసం కూడా చూశారు, మనిషిలో పాదరసం ఎంత ఉందో. వీడీఆర్ఎల్ లేదు. టీపీహెచ్ఏ లేదు. ఆ వైపు పరీక్షలు ఒక్కటీ లేవు. ఇల్లంతా సోదా చేసి, ఆ ఒక్క గది తలుపు మాత్రం తియ్యకుండా వెళ్ళిపోయారు. అడగందే ఆ పరీక్ష ఎవరూ చెయ్యరు. ఇతనికి ఆ సంగతి తెలియదా, తెలిసే చేశాడా. ఈ ల్యాబుకి వచ్చినప్పటినుంచి ఆమెని కుదురుగా కూర్చోనివ్వనిది కుర్చీ కాలు కాదు, ఇదే. తెలియకపోతే ఇంత తెలివితక్కువవాడితో ఇంకో ముప్పై ఏళ్ళు ఉండాలి. తెలిస్తే ఇంత తెలివైనవాడితో. రెంటిలో ఏది నయమో తేలడం లేదు, తేలేదాకా తన కాగితంలో ఏమొచ్చినా సగమే చదివినట్టు.

బయట హర్ష ఫోను మోగింది. "ఆ నాన్నా" అన్నాడు. తర్వాత గట్టిగా ఊపిరి వదిలాడు. లోపలికి వచ్చేటప్పుడు మొహం విప్పారి ఉంది. "నెగటివ్ అంట. నాన్నకొచ్చింది. అమ్మ కోటప్పకొండకి మొక్కుకుంది గదా, ఈ సోమవారమే పోదాం అంటంది. గ్రూపులో పెట్టేశాడంట." నీలిమ కౌంటర్ వైపు చూసింది. ప్రింటరు అప్పుడే మెల్లగా గొంతు సవరించుకుంటోంది. కాగితం సగం దాకా వచ్చి ఆగింది, షాహిస్తా దాని నెత్తిన ఒకటి కొట్టింది, మిగతా సగం వచ్చింది. టీపీహెచ్ఏ, నాన్ రియాక్టివ్. పొద్దుటినుంచి ఇక్కడ కూర్చున్నది తను. ప్రకాష్ నగర్‌లో పడక్కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ముందు తెలిసింది. మాచర్లకి తెలిసింది, ఈపూరుకి తెలిసింది, ఈపాటికి దండాలు వచ్చేసి ఉంటాయి. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, సంతోషమో చిరాకో విడదీసి చూసుకునే ఓపిక లేదు. జల్లెట్లో ఊరికే ఆగిపోయింది, అంతే. చాలావరకు లేనట్టే అని డాక్టరు అన్న మాటలో చాలావరకు అన్నది మాత్రం కదలకుండా అక్కడే ఉంది.

"చెప్పానా నేను. పద, ఎండెక్కితే మళ్ళీ నీకు తిప్పుద్ది" అన్నాడు హర్ష, బండి తాళం తిప్పుతూ.

"మీది కూడా ఇచ్చి పోదాం."

"నాదేంది? చేయించా గదా. డెబ్భై టెస్టులు."

ఆమె పుస్తకం తెరిచి అతని చేతికిచ్చింది. "ఇందులో ఇది లేదు. నేను మూడుసార్లు చూశా. మీరొకసారి చూడండి."

అతను చూశాడు. పేజీలు తిప్పాడు. పాదరసం దగ్గర కాసేపు ఆగాడు. "ఫుల్ బాడీ అన్నాడే వాడు" అన్నాడు. ఆ మొహంలో ఆశ్చర్యం నిజంగానే ఉంది. తొమ్మిదేళ్ళుగా చూస్తున్న మొహమే, అయినా ఎటూ తేలలేదు. "సరే, రేపు చేయించుకుంటా. ఇయ్యాళ టిఫిను తిన్నా."

"దీనికి ఖాళీ కడుపు అక్కర్లేదంట."

"నీకు లేదని వచ్చిందిగా, ఇంక నాకెందుకే."

"పది రోజులు ఆగి మళ్ళీ చూడాలని ఇందాక మీరే ఎవరికో చెబుతున్నారు. కంటికి ఆనవంట గదా." గొంతు పెంచలేదు. చేతికి అంటించిన దూది నొక్కుకుంటూ అమీనా బీ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది. చెప్పులు కాళ్ళ ముందే ఉన్నాయి, ఇంకా వెతుకుతోంది. హర్ష ఆవిడ్ని చూశాడు, టీవీలో సాధువుని చూశాడు, ఎవరూ సాయం వచ్చేలా లేరని చూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మడిచాడు. షాహిస్తా రబ్బరు పట్టీ కట్టి, నరం కోసం వేలితో నొక్కుతూ, రెండో చేత్తో కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"రిపోర్టుకి ఇంటి నంబరే ఉంచమంటారా సార్? మూడు ఏడులది. లింకయ్యే ఉంది."

"వద్దు" అన్నాడు హర్ష.

చాలా తొందరగా అన్నాడు. అడిగిన మాట పూర్తయ్యేలోపే అన్నాడు. అనేశాక, అన్నది తనేనా అని చూసుకున్నట్టు తల ఎత్తాడు. విటమిన్ డీ తక్కువైతే ఊరందరికీ పంచిన నంబరు, పెళ్ళాం రక్తాన్ని నలభై ఇళ్ళలో తిప్పిన నంబరు, తప్పిపోతే చెప్పమని నేర్పిన నంబరు. జీవితంలో మొదటిసారి అతనికి ఆ నంబరు వద్దు. నీలిమ కురచ కాలు కుర్చీలోంచి లేచింది. పొద్దుటినుంచి తేలనిది ఇంత చిన్న మాటతో తేలిపోయింది, పరీక్ష లేదు, జల్లెడ లేదు, గుంటూరు లేదు.

"నాది రాసుకోమ్మా" అంది, తన నంబరు చెప్పింది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ అడిగింది లేదు, చివరి రెండంకెల దగ్గర ఆగి గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. "నాక్కూడా అదే మార్చు. ఓటీపీ ఆయన వాళ్ళ నాన్నగారిని అడిగి చెప్తారు. మళ్ళీ పరీక్షకి ఇద్దరం వస్తాం, అప్పటికీ అదే నంబరు."

సూది దిగింది. హర్ష కళ్ళు మూసుకున్నాడు. ఎర్రగా, మామూలుగా, ఏమీ చెప్పకుండా రక్తం గొట్టంలోకి ఎక్కుతోంది.

"నీలూ" అన్నాడు కళ్ళు తెరవకుండానే, బాగా మెల్లగా. "తలనొప్పిగా ఉంది."

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి, పులి బొమ్మ డబ్బా తీసి, అతని ఖాళీగా ఉన్న చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.